రుద్దితే ఊడిపోతున్న జిరాక్స్ అక్షరాలు: టోనర్ తప్పా, ఫ్యూజర్ తప్పా, పేపర్ తప్పా?

గోదారి_కాపీలు
సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా మా షాపు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా స్టాంపు పేపర్ల మీద ప్రింట్లు, పాత దస్తావేజుల జిరాక్సులు, ఆధార్ కాపీలు. వానలు మొదలైన దగ్గర్నుంచి ఒకటే టెన్షన్. స్టాంపు పేపర్ మీద కొట్టిన ప్రింటు చూడ్డానికి నల్లగా నిగనిగలాడుతుంది. బొటనవేలితో రుద్దితే మాత్రం సర్వే నంబరు సగం వేలికి వచ్చేస్తోంది. మడత పెట్టిన చోట అక్షరాలు పొడిపొడిగా రాలుతున్నాయి. మామూలు ఏ4 మీద ఊడటం లేదు గానీ, కొన్ని పేజీల్లో మధ్యమధ్యలో మచ్చల్లా పల్చబడుతోంది.

మెషీన్ రీకండిషన్డ్, బ్లాక్ అండ్ వైట్, ఏ3. అమ్మినవాళ్లు టోనర్ మార్చమన్నారు, మార్చాను. టోనర్ అమ్మినవాళ్లేమో డ్రమ్ పోయిందంటున్నారు. డ్రమ్ మారిస్తే ఇంకెవరి మీదకి తోస్తారో తెలీదు. డబ్బులు పెట్టేముందు తప్పు ఎక్కడుందో తేల్చుకునే దారేమైనా ఉందా? నిన్న ఒక రైతు సేల్ డీడ్ తెచ్చి, కౌంటర్ మీద దులిపి చూపించాడు.

రీఫిల్_రాజా
లూజు టోనర్ కిలోల లెక్కన కొని పోసుంటారు. ఇంకేముంది.

గోదారి_కాపీలు
@రీఫిల్_రాజా సీల్డ్ బాటిల్ అండీ. మోడల్ నంబరు చూసే కొన్నాను.

నిద్రలేని_బీటెక్
రైతు దులిపితే సర్వే నంబరు రాలిందా? భూవివాదానికి కొత్త కారణం దొరికింది.

ఫ్యూజర్_బాషా
రాజా అన్నా, చూడకుండానే టోనర్ అనేస్తే ఎలా. ఆయన చెప్పినవి రెండు వేర్వేరు జబ్బులు. ఒకటి పల్చబడటం, రెండోది ఊడిపోవడం. వీటిని కలిపి ఒకే మందు వెతికితే మీ చేత డ్రమ్, టోనర్, చివరికి మెషీనే మార్పిస్తారు.

మెషీన్లో టోనర్ పొడి వచ్చి కాగితం మీద పడటం ఒక పని, వచ్చిన పొడి కాగితానికి అతుక్కోవడం ఇంకో పని. మొదటిది పూర్తిగా స్టాటిక్ కరెంటు. డ్రమ్ మీద బొమ్మ ఆకారంలో పొడి పట్టుకుని ఉంటుంది. కాగితం వెనకనుంచి ట్రాన్స్‌ఫర్ రోలర్, పాత మెషీన్లలో అయితే కరోనా వైరు, ఆ పొడికి వ్యతిరేకమైన చార్జి ఇస్తుంది. పొడి డ్రమ్‌ని వదిలి కాగితం మీదకు దూకుతుంది. ఇక్కడిదాకా వేడితో పనిలేదు. ఆ దశలో కాగితాన్ని బయటికి తీసి ఊదితే మొత్తం లేచిపోతుంది. తర్వాత ఫ్యూజర్లో వేడి రోలర్‌కీ రబ్బరు రోలర్‌కీ మధ్య నలిగినప్పుడే పొడి కరిగి కాగితం నారలోకి దిగుతుంది.

తేల్చుకోవడం ఇలా. పేజీ నిండా అక్షరాలున్న ఒరిజినల్ పెట్టి కాపీ కొట్టండి. కాగితం సగం ఫ్యూజర్లోకి వెళ్లిందనగా ముందు డోర్ తెరవండి, మెషీన్ ఆగిపోతుంది. స్విచ్ ఆపి, ఫ్యూజర్ చల్లారాక కాగితాన్ని నిదానంగా లాగండి. ఫ్యూజర్ దాకా వెళ్లని సగంలో పొడి నిండుగా, సమానంగా ఉందా? ఉంటే డ్రమ్, టోనర్, ట్రాన్స్‌ఫర్ బాగున్నట్టే. కాగితం దాటి వెళ్లాక కూడా డ్రమ్ మీద బొమ్మ మిగిలి కనిపిస్తే ట్రాన్స్‌ఫర్ దగ్గర దెబ్బ. డ్రమ్‌ని వెలుతుర్లో ఎక్కువసేపు ఉంచకండి, చూసి మూసేయండి. స్టాంపు పేపర్ సైజులో ఉన్న మందపాటి బాండ్ పేపర్‌తో కూడా ఇదే చేయండి. స్టాంపు పేపర్ వేస్ట్ చేయొద్దు.

కరెంటు_కష్టాలు
సాయంత్రం పూట ఎక్కువ ఊడుతోందా చూడండి. మా ఊళ్లో పొద్దుపోయాక వోల్టేజి 180కి దిగుతుంది. ఫ్యూజర్ని వేడిచేసే ల్యాంపు పవరు వోల్టేజి స్క్వేర్ లెక్కన పడిపోతుంది కాబట్టి 230 దగ్గర 1000 వాట్లు లాగేది 180 దగ్గర 600 కాస్త దాటుతుంది, అంతే. ఒకటి రెండు కాపీలకు తెలీదు. వంద కాపీలు వరసగా కొడితే చివర్లో వేడి సరిపోదు.

రీఫిల్_రాజా
వేడి తగ్గితే మెషీనే "వెయిట్" అని ఆగుతుంది కదా. అందుకేగా రోలర్ వేడి కొలిచే థర్మిస్టర్ ఉండేది.

ఫ్యూజర్_బాషా
థర్మిస్టర్ మీద టోనర్ మసి పేరుకుంటే అది చెప్పేదొకటి, రోలర్ మీద ఉండేది ఇంకొకటి. ఇద్దరి మాటా కొట్టిపారేయలేం.

కెమిస్ట్రీ_మేడం
బాషా గారి వివరణకి కొంచెం జోడిస్తాను. నేను పాలిమర్లు పాఠం చెప్తాను, ఈ పొడి గురించి పిల్లలకి చెప్పడం నాకు భలే ఇష్టం. చాలామంది టోనర్ అంటే మసి అనుకుంటారు. అందులో ఎక్కువ భాగం ప్లాస్టిక్కే, స్టైరీన్ అక్రిలేట్ గానీ పాలియెస్టర్ గానీ. నలుపు కోసం కార్బన్ బ్లాక్, రోలర్‌కి అంటుకోకుండా మైనం, చార్జి నిలబడటానికి మరో పదార్థం, పొడి ఉండకట్టకుండా పైన సన్నటి సిలికా. ఒక్కో రేణువు 5 నుంచి 10 మైక్రాన్లు.

ఈ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గర మెత్తబడటం మొదలవుతుంది, కానీ అప్పుడే పారదు. కాగితం నారల్లోకి దిగేంత పల్చబడాలంటే ఇంకా చాలా వేడి కావాలి. అందుకే ఫ్యూజర్ 160 నుంచి 200 డిగ్రీల మధ్య నడుస్తుంది. కాగితం ఆ రోలర్ల మధ్య ఉండేది సెకనులో చిన్న ముక్క. అంతలోపు కాగితం కూడా వేడెక్కాలి. మందపాటి స్టాంపు పేపరు ఆ వేడిని తానే తాగేస్తుంది, పొడి పైపైన కరిగి, పక్కపక్క రేణువులు ఒకదానికొకటి అతుక్కుంటాయి. కాగితానికి మాత్రం పట్టవు. మీ ప్రింటు నిగనిగలాడుతూ కూడా ఊడిపోవడానికి కారణం అదే అయ్యుండాలి.

పాత_సైక్లోస్టైల్
ఈ కరిగించి అతికించే ఆలోచన మొదటి రోజునుంచీ ఉంది మేడం. జిరాక్స్ పద్ధతి కనిపెట్టిన చెస్టర్ కార్ల్‌సన్ 1938 అక్టోబర్ 22న న్యూయార్క్‌లోని ఆస్టోరియాలో తీసిన మొదటి కాపీ కూడా వేడితోనే కదా అతికించింది.

కెమిస్ట్రీ_మేడం
@పాత_సైక్లోస్టైల్ వేడి నిజమే సార్, కరిగింది మాత్రం పొడి కాదు. గంధకం పూసిన జింకు రేకుని గుడ్డతో రుద్ది చార్జి ఎక్కించారు. తేదీ, ఊరి పేరు రాసిన గాజు పలకని దాని మీద పెట్టి లైటు కొట్టారు. తర్వాత చల్లింది లైకోపోడియం, అంటే ఒక మొక్క బీజాల పొడి. అది కరగదు. అందుకని మైనపు కాగితం అద్ది, దాన్ని వేడిచేస్తే మైనం కరిగి పొడిని పట్టుకుంది. ఇప్పుడైతే జిగురు పొడిలోనే ఉంది కాబట్టి మైనపు కాగితం అక్కర్లేదు. ఈ తిరగేత లేకపోతే మామూలు తెల్లకాగితం మీద జిరాక్స్ అనేదే లేదు.

పాత_సైక్లోస్టైల్
ఒప్పుకున్నా. ఆయన ఒక కంపెనీ పేటెంట్ల విభాగంలో కాగితాలు చేత్తో ఎత్తిరాయలేక, దానికి తోడు కీళ్లనొప్పులతో విసిగిపోయి దీని మీద పడ్డాడు. పేటెంటు 1942లో వచ్చింది. పెద్ద కంపెనీలు ఒక్కటీ కన్నెత్తి చూడలేదు. 1944లో ఒహాయోలోని బాటెల్ అనే పరిశోధన సంస్థ, తర్వాత రోచెస్టర్‌లో హాలాయిడ్ అనే ఫొటో పేపర్ల కంపెనీ పట్టించుకున్నాయి. మామూలు కాగితం మీద బటన్ నొక్కితే కాపీ ఇచ్చే 914 మెషీన్ 1959లో గానీ రాలేదు. 9 అంగుళాలు, 14 అంగుళాల కాగితం పడుతుందని ఆ పేరు. లోపల కాగితం ఇరుక్కుంటే ఫ్యూజర్ వేడికి నిప్పంటుకునేది. దాంతో మెషీన్‌తో పాటు మంటలార్పే సిలిండర్ కూడా ఇచ్చి, దానికి "స్కార్చ్ ఎలిమినేటర్" అని గౌరవంగా పేరు పెట్టారు.

నిద్రలేని_బీటెక్
మా కాలేజీ జిరాక్స్ షాపులో ఎగ్జామ్ ముందు రోజు రాత్రి ఆ సిలిండర్ జనానికి కావాలి, మెషీన్‌కి కాదు.

దస్తావేజు_లేఖరి
పాత సైక్లోస్టైల్ గారూ, ఎత్తిరాయడం అంటే గుర్తొచ్చింది. మా దగ్గర 1998లో కార్డ్ అనే రిజిస్ట్రేషన్ శాఖ పథకంతో కంప్యూటర్లు వచ్చేదాకా రిజిస్టరైన ప్రతి దస్తావేజునీ ఆఫీసులో పుస్తకంలోకి చేత్తోనే నకలు రాసేవారు. నకలు చేతికి రావడానికి ఎన్ని తిరుగుళ్లో. ఆ సిరా మాత్రం ఇప్పటికీ చెక్కుచెదరలేదు. ఈయన షాపులో కొట్టింది నెలరోజులైనా ఆగట్లేదు!

గోదారి గారూ, నాది కూడా ఇదే వ్యాపారం కాబట్టి సీరియస్‌గా చెప్తున్నా. ఊడిపోయే ప్రింటు మీద సంతకాలు చేయించకండి. ఒక అక్షరం చెరిగినా రేపు దిద్దారని వాదిస్తారు.

పెళ్లికార్డుల_విజయవాడ
స్టాంపు పేపర్‌కే ఇలా అంటే మా టెక్స్చర్ కార్డు చూస్తే ఏమంటారో. గరుకు కాగితంలో గుంటల్లోకి పొడి దూకదు, దూకినా రోలర్ ఆ గుంటని తాకదు. "వెడ్స్" అన్న మాటలో సగం గీతలు మాయం. మీరు థిక్ మోడ్ వాడుతున్నారా? పేపర్ సెట్టింగ్ ప్లెయిన్ అని ఉంటే మెషీన్ మామూలు స్పీడులో లాగేస్తుంది. థిక్ అని పెడితే స్పీడు తగ్గిస్తుంది, లేదా వేడి పెంచుతుంది, కొన్ని రెండూ చేస్తాయి. ముందు అది చూడండి, పైసా ఖర్చు లేదు.

ఇంకో ముక్క, బంగారు ఫాయిల్ అతికించేది కూడా ఈ పొడి మీదే. లేజర్ ప్రింట్ మీద ఫాయిల్ పరిచి వేడి లామినేటర్లో పంపితే, నలుపు ఉన్నచోట టోనర్ మళ్లీ కరిగి ఫాయిల్‌ని పట్టేస్తుంది, ఖాళీ ఉన్నచోట పట్టదు. పెళ్లివాళ్లు చూసి బంగారు ఇంకు అనుకుంటారు. మనం కాదనం.

సోల్డర్_శీను
మేం దీన్నే పీసీబీలకి, అంటే సర్క్యూట్ బోర్డులకి వాడతాం. గ్లాసీ పేపర్ మీద సర్క్యూట్ తిప్పి ప్రింట్ తీసి, రాగి బోర్డు మీద బోర్లించి ఇస్త్రీపెట్టె పెడితే టోనర్ రాగికి వెళ్లిపోతుంది. తర్వాత రాగిని తినేసే ఫెర్రిక్ క్లోరైడ్‌లో వేస్తే ప్లాస్టిక్ కింద ఉన్న రాగి మిగులుతుంది. ఇస్త్రీలో ఆవిరి ఆపాలి, లేదంటే అంతా చెదిరిపోతుంది.

నిద్రలేని_బీటెక్
@సోల్డర్_శీను మా అమ్మ ఇస్త్రీపెట్టెకి ఇంకా నీ సర్క్యూట్ లాంటిదే అంటుకుని ఉంది. తెల్ల చొక్కా మీద కూడా వచ్చింది.

కెమిస్ట్రీ_మేడం
బట్టల మీద పొడి పడితే వేడినీళ్లు వద్దు, ఇస్త్రీ అసలే వద్దు. దులిపి, చన్నీళ్లతో కడగాలి. వేడి తగిలితే అక్కడే ఫ్యూజ్ చేసినట్టు.

ఫ్యూజర్_బాషా
ఒలికితే ఇంట్లో వాడే వాక్యూమ్ కూడా పెట్టకండి. ఆ ఫిల్టర్ ఇంత సన్నటి పొడిని ఆపదు, వెనకనుంచి గది నిండా చల్లుతుంది. తడిగుడ్డ చాలు.

టాపిక్ ఎటో పోతోంది. గోదారి అన్నా, టెస్ట్ చేశావా?

గోదారి_కాపీలు
చేశాను. సగంలో ఆపి తీసిన బాండ్ పేపర్ మీద పొడి చక్కగా, సమానంగా ఉంది. ఊదితే లేచిపోయింది. డ్రమ్ మీద మిగిలింది ఏమీ లేదు. అంటే డ్రమ్ బాగున్నట్టే కదా? పేపర్ సెట్టింగ్ ప్లెయిన్‌లోనే ఉంది, థిక్ పెట్టాక ఊడటం తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. విచిత్రం ఏంటంటే పేజీ కుడివైపు మాత్రమే ఊడుతోంది. ఎడమవైపు గట్టిగా గీకినా రావడం లేదు.

మామూలు ఏ4తో చేస్తే వేరేలా వచ్చింది. పల్చబడే పేజీల్లో ఫ్యూజర్ దాకా పోకముందే కాగితం మీద మచ్చలున్నాయి. అదే చోట్ల డ్రమ్ మీద పొడి మిగిలి కనిపించింది.

ఫ్యూజర్_బాషా
మరి అదే చెప్పింది నేను. రెండు జబ్బులు.

ఏ4 సంగతి ముందు. ఆ పేపర్ తడిసింది. నీళ్లు పడక్కర్లేదు, వానాకాలం గాలి చాలు. కాగితంలో మామూలుగానే 5 శాతం అటూఇటూ తేమ ఉంటుంది. అది పెరిగితే కాగితం కరెంటుని నిలుపుకోలేదు, వెనకనుంచి ఇచ్చిన చార్జి పక్కకి జారిపోతుంది. లాగే బలం లేక పొడి డ్రమ్ మీదే ఉండిపోతుంది, దాన్ని బ్లేడు గీకి వేస్ట్ డబ్బాలో వేస్తుంది. మీరు డబ్బు పెట్టి కొన్న టోనర్ నేరుగా చెత్తలోకి. రీము విప్పి అలా ట్రేలో వదిలేస్తున్నారా రాత్రంతా?

కుడివైపు ఊడటం అంటే కుడివైపు నొక్కుడు చాలట్లేదు. నల్లగా నిండిన పేజీ ఒకటి ప్రింటు తీసి, దాన్ని మళ్లీ ఖాళీ కాపీగా పంపి, ఫ్యూజర్ మధ్యలో ఉండగా డోర్ తెరిచి కొద్ది సెకన్లు అలాగే ఉంచు. తీశాక రోలర్లు నొక్కిన చోట అడ్డంగా మెరిసే పట్టీ కనిపిస్తుంది. ఈ చివరనుంచి ఆ చివర దాకా ఒకే వెడల్పు ఉండాలి.

రీఫిల్_రాజా
బాషా, నీ మాట నిజమే అనుకుందాం. కానీ ఒక్కో టోనర్ ఒక్కో వేడికి కరుగుతుంది. కొత్త మెషీన్లకి తక్కువ వేడికి కరిగే పొడి వస్తోంది. పాత రకం పొడి కొత్త ఫ్యూజర్లో వేస్తే సరిగ్గా ఇలాగే ఊడుతుంది. పదేళ్లుగా చూస్తున్నా. టోనర్‌తో కలిసి దానికి చార్జి ఎక్కించే డెవలపర్ కూడా పాతదైతే పొడికి చార్జి సరిగా పట్టదు. అన్నీ రోలర్ మీదకి తోయకు.

ఫ్యూజర్_బాషా
టోనర్ తప్పైతే పేజీ అంతా ఊడాలి అన్నా. కుడివైపు పొడి వేరే కంపెనీదా?

నిద్రలేని_బీటెక్
బాషా అన్న ఫ్యూజర్ 200 దాటింది.

కెమిస్ట్రీ_మేడం
రాజా గారు చెప్పినదానికి తిరగేసిన సందర్భం కూడా ఉంది. తక్కువ వేడికి కరిగే టోనర్‌ని ఎక్కువ వేడి ఫ్యూజర్లో వేస్తే మరీ పల్చబడి రోలర్‌కే అంటుకుంటుంది, తర్వాతి చుట్టులో అదే అక్షరం కింద నీడలా మళ్లీ పడుతుంది. గోదారి గారికి అలాంటి నీడ లేదు కాబట్టి ఈ కేసుకి అది వర్తించదు.

గోదారి_కాపీలు
పట్టీ టెస్ట్ చేశాను. ఎడమవైపు చిటికెనవేలి గోరంత వెడల్పు, కుడివైపు వచ్చేసరికి సన్నటి గీత. ఫోటో తీసి మా ఊరి మెకానిక్‌కి చూపిస్తే ఫ్యూజర్ విప్పాడు. కుడివైపు ప్రెషర్ స్ప్రింగ్ తుప్పు పట్టి, కొక్కెం నుంచి సగం జారి ఉంది. రబ్బరు రోలర్ కూడా ఆ చివర గట్టిపడి, గోరు పెడితే దిగడం లేదు. రెండూ మార్పించాను. డ్రమ్ జోలికి పోలేదు.

థిక్ మోడ్‌లో స్టాంపు పేపర్ మీద ఇప్పుడు సెల్లో టేప్ అంటించి పీకినా అక్షరం రావడం లేదు. ఏ4 రీము మాత్రం అవసరమైనంతే విప్పి, మిగతాది కవర్లోనే ఉంచుతున్నా. మచ్చలు దాదాపు పోయాయి.

కరెంటు_కష్టాలు
వోల్టేజి కూడా ఒకసారి చూడండి అనే అంటాను.

గోదారి_కాపీలు
చూశానండీ, సాయంత్రం 205 ఉంది. స్టెబిలైజర్ కొంటాను, మీకోసమైనా.

దస్తావేజు_లేఖరి
అంతా బాగుంది. ఈలోగా కొట్టి ఇచ్చేసిన దస్తావేజుల సంగతేంటి? జనం ఇంటికి పోయి బీరువాలో పెట్టేసుంటారు కదా. వాటిని మళ్లీ ఫ్యూజర్లో పంపితే అతుక్కుంటుందా?

ఫ్యూజర్_బాషా
ఖాళీ కాపీ కొట్టినట్టు మళ్లీ పంపితే చాలావరకు అతుక్కుంటుంది. సంతకాలు పడని తాజా ప్రింటు అయితే నేనూ అలాగే చేస్తా. రిజిస్టరైన ఒరిజినల్‌ని మాత్రం మెషీన్లో పెట్టే ధైర్యం నాకు లేదు. జామ్ అయి అకార్డియన్‌లా మడతపడితే ఆ మనిషికి ఏం చెప్తావు?

కెమిస్ట్రీ_మేడం
రిజిస్టరైనవి అయితే కదల్చకుండా ఉంచడమే మంచిది. ఒక్క జాగ్రత్త, మెత్తగా వంగే పారదర్శక పీవీసీ కవర్లలో పెట్టొద్దని వాళ్లకి చెప్పండి. ఆ ప్లాస్టిక్‌ని మెత్తగా ఉంచడానికి కలిపే పదార్థం నెమ్మదిగా బయటికి వచ్చి టోనర్‌ని కూడా మెత్తబరుస్తుంది. ఎండాకాలం బీరువా వేడికి అక్షరాలు కవర్‌కి అంటుకుంటాయి. కవర్ తీస్తే దస్తావేజు కవర్ మీదే ఉంటుంది, అదీ తిరగేసి. కాగితం కవరు గానీ, పాలీప్రొపైలిన్ కవరు గానీ వాడమనండి. బాగా అతికిన ప్రింట్లకి కూడా ఈ బాధ తప్పదు.

దస్తావేజు_లేఖరి
అయ్యో, మేం ప్రతి పార్టీకీ ఆ కవరే ఫ్రీగా ఇస్తున్నాం! పేరు, ఫోన్ నంబరు అచ్చేయించి మరీ. ఎలాగూ స్కాన్ ఆఫీసులో ఉంటుంది, సర్టిఫైడ్ కాపీ తీసుకోవచ్చు. కానీ బ్యాంకువాళ్లు లోనుకి ఒరిజినలే అడుగుతారు. రేపటి నుంచి కవర్లు బంద్.

పెళ్లికార్డుల_విజయవాడ
ఆ మిగిలిన కవర్లు నాకివ్వండి లేఖరి గారూ. కార్డులకి వాడను, టోనర్ లేని వేరే శాంపిళ్లు పెట్టుకుంటాను.

సోల్డర్_శీను
గోదారి గారూ, మీ పాత రోలర్‌తో కొట్టిన, సగమే అతికిన గ్లాసీ ప్రింట్లేమైనా ఉంటే పారేయకండి. కాగితానికి గట్టిగా పట్టనివే మాకు రాగి మీదకి బాగా వస్తాయి.

గోదారి_కాపీలు
@సోల్డర్_శీను రోలర్ పాత ఇనుప సామాన్లవాడికి ఇచ్చేశాను తమ్ముడూ. స్ప్రింగ్ ఉంది, కావాలా?

రీఫిల్_రాజా
ఆ టోనర్ బాటిల్ మీద మోడల్ నంబరు ఫోటో పెట్టు. ఊరికే చూద్దామని.